ఇటుకరంగు దారం

వసంతం వచ్చిందన్న కబురు ఆ వీధికి చెట్లకంటే ముందు నర్సమ్మగారి గొంతే మోసుకొస్తుంది. ముప్పయ్యేళ్లు ఆస్పత్రిలో చేసి రిటైరైన మనిషి, ఇంట్లో కాలు నిలవదు. ఏటా మంచి ఎండకాసే ఆదివారం ఒకటి చూసి, వీధికి రెండు చివరలా తాళ్లు కట్టించి, కార్లను ఆపించి, బల్లలన్నీ బయట వేయించి, ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో పని పెడుతుంది. ఒకరికి పిల్లల పందేలు, ఒకరికి సైకిళ్లు బాగుచేసే బల్ల, ఒకరికి పాత పుస్తకాలు. ఈ ఏడు మూడో అంతస్తు అమ్మాయి నెత్తిన మొక్కలు పడ్డాయి.

"మీ కిటికీకి ఎండ బాగా తగులుతుంది పిల్లా. అందరి విత్తనాలూ నీ దగ్గరే మొలకెత్తించు. ఆ రోజు ఎవరివి వాళ్లకిచ్చేద్దాం. కప్పుల మీద పేర్లు మాత్రం చక్కగా రాసిపెట్టు, సరేనా?"

ఆమె సరేనని తలూపింది. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానిపించిన దగ్గర్నుంచి, నలుగురూ చూసేలా రాయమంటే ఆమెకు వేళ్లు చల్లబడిపోతాయి. ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోతుందని, ఎవరో ఒకరు పక్కకు తిరిగి నవ్వుకుంటారని భయం. అందుకని పేర్లు మానేసి తన పద్ధతి తాను పెట్టుకుంది. కింద కొట్టులో ఉండే టైలరు పెద్దాయన దగ్గర దారం ముక్కలు తెచ్చుకుని, ఇంటికో రంగు చొప్పున ఐస్‌క్రీం పుల్లలకు చుట్టి కప్పుల్లో గుచ్చింది. ఒక ముడి వేస్తే టమాటా, రెండైతే మిరప, మూడైతే బంతి.

టైలరు బాబాయ్‌ది ఇటుకరంగు దారం. ఆయన ఏడు విత్తనాలు ఇచ్చాడు. పోయినేడాది భార్య పోయాక, ఆమె బొత్తాల డబ్బా అడుగున కాగితం మడతలో దొరికాయట.

"మీ పిన్ని దాచినవమ్మా. రేకబంతి, ఇటుకరంగుది. ముద్దబంతి చూస్తే మూతి ముడిచేది, అది పువ్వా దిండా అనేది. ఎన్నేళ్లవో ఏమో, వస్తే వచ్చినట్టు."

ఏడింటిలో ఒక్కటి మొలిచింది, అదీ పంతొమ్మిదో రోజున. ఆ పొద్దున ఆమె ఒంటికాలి చెప్పుతో మెట్లు దిగి పరుగెత్తి ఆయనకు చెప్పింది. ఆయన కుడుతున్న చొక్కా చెయ్యి వదిలేసి, కాసేపు మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

అంతా బాగానే జరిగేది, కొడుకు బుడ్డోడికి చదువు చెప్పాలన్న ఆత్రం ఆమెకు లేకపోతే. వాడికింకా మూడేళ్లు నిండలేదు. ఎదురింటి పిల్ల రెండున్నరకే రంగులన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తోందని విన్న దగ్గర్నుంచి ఆమెకు నిద్ర సరిగ్గా పట్టలేదు. తనలా వీడూ వెనకబడిపోతే? రోజూ నీళ్లు పోసేటప్పుడు వాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి అడిగేది.

"ఎర్రది ఏదీ? నీలంది చూపించు? శభాష్, ఇప్పుడు పచ్చది!"

ఆదివారం పొద్దున, కప్పులన్నీ పెట్టెల్లో సర్ది ఉన్నాయి. ఆమె అద్దం ముందు జడ వేసుకుంటోంది. ఇంట్లో అలికిడి లేదు. ఆ పిల్లాడున్న ఇంట్లో అలికిడి లేదంటే ఏదో కొంప మునుగుతున్నట్టే. సగం జడతో బయటికొచ్చి చూసింది.

నేల మీద పుల్లలన్నీ వరసలుగా ఉన్నాయి. ఎర్రవి ఒకచోట, నీలంవి ఒకచోట, పచ్చవి ఒకచోట. చివర ఒంటరిగా ఇటుకరంగుది.

"అమ్మా, అన్నీ పెట్టేశా!" అన్నాడు బుడ్డోడు, చేతుల నిండా మట్టితో.

ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. రెప్పపాటు సేపు ఆమెకు గర్వమే కలిగింది. ఆ తర్వాత పెట్టెల వైపు చూసింది. ఒక్క కప్పులోనూ పుల్ల లేదు.

పెట్టెలు కిందికి మోయడానికి పైకొచ్చిన మొగుడు ఆమె మొహం చూసి ఆగాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, దేనికీ తొందరపడడు.

"ఏమైందే?"

"పుల్లలన్నీ పీకేశాడండీ!"

"దానికేముంది, మళ్లీ గుచ్చెయ్. టమాటా ఎవరిదైతే ఏంటి, టమాటానేగా?"

"టైలర్ బాబాయ్ బంతి? నర్సమ్మగారు పిల్లలకు పంచమన్న ముద్దబంతులు పన్నెండున్నాయి. అన్నీ కలిసిపోయాయి. ఆకు చూస్తే ఏదీ తేడా లేదు!"

అతను మెడ గోక్కున్నాడు. "ఏదో ఒకటి ఇచ్చెయ్. పూసేదాకా ఎవరికి తెలుస్తుంది?"

పూసేదాకా. ఆ మాట ఆమెకు గొంతులో చేపముల్లులా గుచ్చుకుంది.

టమాటాలూ మిరపలూ ఆకు నలిపి వాసన చూసి విడదీసి, అందాజాగా పుల్లలు గుచ్చేసింది. మిగిలినవి పదమూడు బంతులు. ఆలస్యంగా మొలిచింది కాబట్టి చిన్నగా ఉండాలి కదా అని వెతికితే, చిన్నవి మూడు కనిపించాయి. వాటిని పెట్టె మూలకు జరిపింది. మళ్లీ తీసి చూసింది, మళ్లీ జరిపింది.

కింద వీధి అప్పటికే హోరెత్తిపోతోంది. స్పీకరులో పాట, పిల్లల కేకలు, నర్సమ్మగారి మెడలో ఈల. ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు, నిలబడలేదు. ఒక కప్పు ఇవ్వడం, బుడ్డోడు కనబడుతున్నాడా అని మెడ సాచడం, టైలరు కొట్టు వైపు చూడటం, మళ్లీ మొదటికి.

"పేర్లేవే పిల్లా? దారాలు చుట్టావేంటి?" అంది నర్సమ్మగారు.

"అదీ... తడిస్తే సిరా కారిపోతుందని..."

"తెలివైనదానివే!" అని ఆవిడ వెళ్లిపోయింది. ఆ మెప్పు ఆమెకు ఒక చెంపదెబ్బలా తగిలింది.

పదకొండింటికి టైలరు బాబాయ్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చేతిలో కడిగి తుడిచిన మట్టికుండీ.

"ఏదమ్మాయ్, మా ఆవిడ?" అన్నాడు నవ్వుతూ.

ఆమె నోరు తెరిచింది. నిజం నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి జారింది. మూడింటిలో మధ్యది తీసి చేతిలో పెట్టింది.

"ఇదే బాబాయ్. ఇదే. చిన్నగా ఉంది కదా, ఇదే మీది."

ఆయన కప్పును ఎత్తి వెలుతురులో చూశాడు. నెమ్మదిగా, జనం మోచేతులు తగలకుండా గుండెకు ఆనించుకుని కొట్టుకు నడిచాడు.

ఆ నడకనే చూస్తూ ఆమె లెక్క వేసుకుంది. మూడింటిలో ఒకటి. అంటే మూడింట రెండు పాళ్లు ఆయన ఇవాళ ఎవరిదో దిండుపువ్వును గుండెకు ఆనించుకుని వెళ్లాడు. పూశాక తెలుస్తుంది. అప్పటికి అసలుది ఎవరింటి కిటికీలో ఉంటుందో!

పెట్టె వైపు తిరిగింది. మూల కప్పు ఒకటే ఉంది.

"ఇక్కడిదేది?"

"సైకిళ్ల మేస్త్రీ కూతురు పట్టుకెళ్లింది. చిన్నది ముద్దొచ్చిందట," అన్నాడు మొగుడు.

"వీణ్ణి చూడండి!"

పిల్లాణ్ణి అతని చంకలో కుక్కి, పెద్ద బంతి ఒకటి చేత పట్టుకుని పరుగు తీసింది. అవతల మేస్త్రీ కూతురు, ఇవతల తను, మధ్యలో గోనెసంచుల పందెం. సంచుల్లో గెంతుతున్న పిల్లల మధ్య నుంచి అడ్డంగా దూరింది.

"ఏయ్! నువ్వెందులో ఉన్నావే, పందెంలోనా?" నర్సమ్మగారి ఈల మోగింది.

"ఇదిగో బంగారం, ఇది తీసుకో, పెద్దది, త్వరగా పూస్తుంది. అది నాకిచ్చెయ్ తల్లీ."

ఆ పిల్ల అనుమానంగా చూసింది. "దానికి జబ్బా?"

"లేదు. నాకే."

రెండు చిన్న కప్పులతో ఆమె టైలరు కొట్టు ముందు నిలబడింది. ఆయన అప్పటికే మొక్కను కుండీలో పెట్టి, మట్టి అదుముతున్నాడు.

"బాబాయ్, అది మీది కాదేమో. బుడ్డోడు పుల్లలు పీకేశాడు. వాడి తప్పు కాదు, వాటితో రంగులు నేర్పింది నేనే. పేర్లు రాసుంటే ఇంత జరిగేది కాదు, రాయడానికి సిగ్గేసింది. మీ మొహం చూసి చెప్పలేకపోయాను. ఈ మూడింటిలో ఒకటి మీది."

ఆయన కళ్లజోడు తీశాడు. వేలికంటిన మట్టి చూసుకున్నాడు.

"మూడింటిలో ఒకటి. ఖాయమేనా?"

"ఖాయమే అనుకుంటా. నాలుగోది కూడా కాస్త చిన్నదే గానీ..."

"ఆగాగు. ఇంకాసేపుంటే పదమూడూ మోసుకొచ్చేలా ఉన్నావ్." నవ్వలేదు గానీ గొంతు మెత్తబడింది. "నువ్వు ఇదే ఇదే అన్నప్పుడే నాకు అనుమానం. కొలత సరిపోయిన చొక్కా గురించి నేను అన్నిసార్లు చెప్పను."

ఆమెకు ఏడుపొచ్చింది. ఆయన అది చూడనట్టే లోపలికెళ్లి ఇంకో రెండు పాత డబ్బాలు తెచ్చాడు. ముగ్గురూ కూర్చుని నాటారు. ముగ్గురంటే, మొగుడి చంకలోంచి జారి వచ్చిన బుడ్డోడు మూడోవాడు. ఆయన తెల్లదారం తుంచి మూడింటికీ చుట్టాడు.

"పూశాక దారం రంగు మారుద్దాం."

బుడ్డోడు వేలితో చూపించాడు. "తెల్లది. తెల్లది. తెల్లది. అమ్మా, పువ్వు ఏ రంగు?"

"ఇంకా తెలీదు నాన్నా."

వాడు తల్లి మొహంలోకి వింతగా చూశాడు. రంగు అడిగితే అమ్మ తెలీదనడం వాడు ఇంతవరకు వినలేదు.

అవతల నర్సమ్మగారు బల్ల ఖాళీగా ఉందని కేకలేస్తోంది. ఆమె పిల్లాణ్ణి ఎత్తుకుని బయల్దేరింది. పూత పట్టడానికి రెండు నెలలైనా పడుతుంది. రెండు నెలలు రోజూ ఈ కొట్టు ముందు నుంచే వెళ్లాలి, రోజూ చూడాలి, రోజూ అడగాలి. నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి, చివరి డబ్బాను ఎండ తగిలే వైపుకు కాస్త జరిపింది.