బంతి దారి తొక్కని మనిషి

మూడో గోల్ఫ్ కర్ర తుడిచి పక్కన పెట్టి, సెవెనయ్య నాలుగోది అందుకున్నాడు. తుడవడమంటే ఏదో గుడ్డ తిప్పి వదిలెయ్యడం కాదు. ముందు తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ, ఆఖర్న బొటనవేలు. ఇనుప తల కింద చెక్కిన అంకె మీద బొటనవేలు నడిపించి, అది ఎన్నో నంబరో తేల్చుకుని గాని సంచిలో పెట్టడు. చూసేవాళ్ళు కర్రల్ని ముద్దు చేస్తున్నాడనుకుంటారు. ముద్దూ లేదు, మురిపెమూ లేదు. ఏడాదిన్నరగా అతని కళ్ళకి అంకెలు ఆనడం లేదు, అంతే.

అంకెలు అరిగిపోయిన కర్రలు మూడున్నాయి. వాటికి పిడి కిందుగా ఎర్రదారం చుట్టుకున్నాడు. బంతిని నేల మీద దొర్లించే పటరుకి ఒక చుట్టు, ఏడో నంబరుకి రెండు, బంతిని ఎత్తుగా లేపే వెడ్జికి మూడు. ఎవరైనా అడిగితే పిడి జారకుండా ఉండటానికని చెప్పాలని ఒక జవాబు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సంచుల గది పొడుగ్గా, రేకుల కప్పుతో, తడిగడ్డి వాసనతో ఉంటుంది. గోడ పొడుగునా కొక్కేలు, కొక్కేలకి క్యాడీల ఇత్తడి బిళ్ళలు. తన కొక్కెం గుమ్మం నుంచి పదకొండో అడుగులో ఉంటుందని అతనికి తెలుసు. నలభై ఒక్క ఏళ్ళుగా అదే కొక్కెం.

పొద్దున బయల్దేరేటప్పుడు భార్య రోజూలాగే రొట్టె ఎడంపక్క, ఉడికించిన గుడ్డు కుడిపక్క, చెప్పులు గుమ్మం వైపు ముఖం పెట్టి ఉంచింది. రోజూలాగే మొదలుపెట్టింది కూడా.

"కంటినరం ఎండిపోయింది, ఇక చేసేదేం లేదని ఆసుపత్రివాళ్ళు చెప్పి ఏడాదిన్నరైంది. ఇంకా ఎన్నాళ్ళు దాస్తారండీ? నలుగుర్లో నగుబాటయ్యేదాకానా?"

"తప్పు కర్ర ఇచ్చిన రోజున నేనే మానేస్తాను. నువ్వు చెప్పక్కర్లేదు."

"ఆ మాట పోయినేడూ అన్నారు."

"పోయినేడు తప్పివ్వలేదుగా!"

ఆవిడ గిన్నె ఠపీమని పెట్టింది. అతను నవ్వుకుంటూ బయటపడ్డాడు గాని, దారి పొడుగునా ఆ నవ్వు నిలవలేదు. ఇంట్లో కూర్చోవడమంటే అతనికి ప్రాణభయం. ఆ పచ్చిక మీద అతనికి అడుగడుగూ తెలుసు. ఇంట్లో కుర్చీ ఒకటే తెలుసు.

క్యాడీ అంటే సంచి మోసేవాడని బయటివాళ్ళ లెక్క. సంచి గాడిదైనా మోస్తుంది. క్యాడీ పనితనం తేలేది గ్రీన్ అంచున. బంతిని చివరికి వెయ్యాల్సిన గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డిని గ్రీన్ అంటారు. బంతి సరిగ్గా దాని మీద పడితే గొడవే లేదు. రెండు మూడు గజాల ఇవతల ఆగిపోతేనే పెద్దపెద్దవాళ్ళకి బుద్ధి పెడదారి పడుతుంది. అందంగా గాల్లోకి లేపాలని వెడ్జి అడుగుతారు. గాల్లోకి లేచిన బంతి ఎక్కడ దిగుతుందో, దిగి ఎటు పోతుందో దానికే తెలియదు. నేల మీద పోయేదాన్ని నేల మీదే పోనివ్వాలి. గడ్డి పొట్టిగా, పొడిగా ఉంటే పటరు. మధ్యలో ఏదైనా అడ్డుంటే దాని మీంచి చిన్న గెంతు గెంతించి, మిగతా దూరం దొర్లించడానికి ఏడో నంబరు. ఇంకే దారీ లేకపోతేనే వెడ్జి. ఇదంతా అతను నోటితో చెప్పడు. కర్ర తీసి, పిడి ఆటగాడి వైపు తిప్పి చాస్తాడు. అదే అతని మాట. కుర్రతనంలో అందరూ వెడ్జి అడుగుతుంటే మొండిగా ఏడో నంబరే చాచి, తిట్లు తిని, చివరికి వాళ్ళ చేతే శభాష్ అనిపించుకున్నాడు. అప్పట్నుంచీ క్లబ్బు మొత్తానికి సెవెనయ్యే. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉందేమో.

ఇవాళ డాక్టరమ్మ ఆట. డెబ్బై ఒకటి నిండిన మనిషి, ముప్ఫై అయిదేళ్ళు ఆపరేషన్లు చేసిన మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ సంచి సెవెనయ్యదే. అతను చాచిన కర్రని ఆవిడ ఒక్కసారీ కాదనలేదు. పెద్దవయసు సభ్యుల కప్పు మాత్రం ఒక్కసారీ గెలవలేదు. ఇవాళ దాని ఆఖరి ఆట, ప్లీడరుగారితో.

ప్లీడరుగారు కమిటీ మనిషి. తన సంచి చక్రాల బండి మీద తనే లాక్కుంటారు. "సెవెనయ్యకి చూపు పోయింది. రేపెవరి బంతో తగిలి పడిపోతే బాధ్యత ఎవరిది?" అని పోయిన నెల కమిటీలో అడిగారట. అడిగినందుకు ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. తేలేదాకా చూద్దామన్నారట మిగతావాళ్ళు. అందుకే పొద్దుట్నుంచీ ఆయన చూపు సగం బంతి మీద, సగం సెవెనయ్య మీద ఉంది.

"ఆ జెండా ఏ రంగు, సెవెనయ్యా?" అన్నారు దారిలో, సరదాగా అన్నట్టే.

"నిన్న ఏ రంగో ఇవాళా అదేనండీ."

డాక్టరమ్మ పకపకా నవ్వారు. కర్ర ఊపి కొట్టాక, ఈమధ్య అలవాటైనట్టే పైకి అనుకున్నారు. "ఎడంపక్క చెట్టు కింద పడింది. ఇసక గుంటకి పదడుగుల ఇవతల." సెవెనయ్య నేరుగా అక్కడికే నడిచాడు. ఏడాదిగా ఆవిడ ఇలా తనలో తనే మాట్లాడుకుంటుంటే, వయసు మీద పడుతోంది పాపం అనుకుని జాలిపడేవాడు. ఆవిడ గురించి అతనికి ఇంకోటి కూడా తెలుసు. బంతి అందుకునేటప్పుడు ఆవిడ వేళ్ళు అతని అరచేతిలో గబగబా తడతాయి. వణుకు. కత్తి పట్టిన చెయ్యి అది. సెవెనయ్య ఎవరికీ చెప్పలేదు. మెత్తగా మణికట్టు ఆడాల్సిన వెడ్జి ఆవిడకివ్వడం మాత్రం మానేశాడు.

పద్దెనిమిది గుంటల ఆటలో పదిహేడు ముగిసేసరికి ఇద్దరూ సమానం. ఇక తక్కువ దెబ్బలవాళ్ళదే గెలుపు. ఆఖరి గుంటలో ప్లీడరుగారు అయిదు దెబ్బల్లో ముగించి పక్కకి తప్పుకున్నారు. డాక్టరమ్మ రెండు దెబ్బల్లో గ్రీన్ దాకా వచ్చేశారు. బంతి అంచుకి మూడు గజాల ఇవతల ఆగింది. ఇంకో రెండు దెబ్బల్లో గుంటలో వేస్తే కప్పు ఆవిడది.

సెవెనయ్య సంచి దింపి చెప్పులు విప్పాడు. ఇది అతని పాత పద్ధతే, కళ్ళున్నప్పట్నుంచీ ఉన్నదే. కాలివేళ్ళకి తడి తెలుస్తుంది, గడ్డి ఎటు వాలిందో తెలుస్తుంది, నేల ఎటు వంగిందో తెలుస్తుంది. బంతికి ఎడంగా గుంటదాకా నడిచాడు. అటునుంచి కుడిగా వెనక్కి వచ్చాడు. మధ్యలో బంతి పోవాల్సిన దారి మీద మాత్రం కాలు పెట్టలేదు. దాన్ని ఎవరూ తొక్కకూడదు. నలభై ఒక్క ఏళ్ళలో అతను ఎవరి బంతి దారీ తొక్కలేదు.

నేల పొడి. గడ్డి తెల్లవారే కత్తిరించినది, గుంట వైపే వాలి ఉంది. మనసులో ఏ మూలా అనుమానం లేదు. ఒక చుట్టు దారం ఉన్న కర్ర తీసి, పిడి ఆవిడ వైపు చాచాడు.

ఆవిడ వెంటనే అందుకోలేదు. ఒక ఊపిరి, రెండు, మూడు. ఇరవై రెండేళ్ళలో అతని చెయ్యి అలా గాల్లో ఉండిపోవడం అదే మొదటిసారి. ప్లీడరుగారి బూట్లు ఒక అడుగు ముందుకి జరిగిన చప్పుడు వినిపించింది. అప్పుడు ఆవిడ పటరు తీసుకున్నారు.

టక్కుమంది. వెంటనే ఠంగుమని ఇంకో చప్పుడు. ఇనుము. ఆ తర్వాత బంతి పక్కకి దొర్లుకుంటూ పోయి ఇసక గుంటలో పడింది.

"అయ్యయ్యో!" అన్నారు ప్లీడరుగారు. "నీళ్ళ గొట్టం మూత అది. సోమవారమేగా కొత్తగా పెట్టారు! ఇంత నల్లగా పళ్ళెమంత కనపడుతుంటే... ఏం సెవెనయ్యా, చూళ్ళేదా?"

సెవెనయ్యకి నిలువునా చచ్చినట్టయింది. అడ్డమున్న చోట ఏడో నంబరు ఇవ్వాలని లోకానికి నేర్పినవాడు తను. రెండు పక్కలా నడిచిన కాళ్ళకి అన్నీ తెలిశాయి, తొక్కకూడని ఆ జానెడు వెడల్పు తప్ప.

"మూత సంగతి సెవెనయ్య చెప్పాడండీ," అన్నారు డాక్టరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "దానికి జానెడు పక్కనుంచి పంపమనే చెప్పాడు. నా చెయ్యి వణికింది. రెండేళ్ళుగా వణుకుతోంది." అని, ఆ చెయ్యి ఎత్తి చూపించారు.

ప్లీడరుగారు ముందుకేసిన అడుగు వెనక్కి తీసుకున్నారు. ఆవిడ చెయ్యి వణుకుతోందని ఆ క్లబ్బులో సెవెనయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. తెలియకూడదనే ఆవిడ రెండేళ్ళుగా టీ కప్పు కూడా అందరి ముందూ ఎత్తడం మానేశారు. ఇసకలోంచి బయటపడి బంతిని గుంటలో వేసేసరికి ఆరు దెబ్బలయ్యాయి. ప్లీడరుగారు టోపీ తీసి నిలబడ్డారు. కప్పు గెలిచిన మనిషిలా లేరు.

సంచుల గదిలో సెవెనయ్య కర్రలు తుడుస్తూంటే ఆవిడ గుమ్మంలో నిలబడ్డారు.

"మూత సంగతి నేను చెప్పలేదమ్మగారూ."

"తెలుసు."

"మరి, బంతి ఎక్కడ పడిందో పైకి చెప్పేది..."

"నా నోరు ఊరుకోదులే. అది సరే, నాకు వెడ్జి ఇవ్వడం మానేసి ఎన్నాళ్ళయింది సెవెనయ్యా?" అన్నారు.

అతను తల వంచుకుని గుడ్డ పిండాడు.

"అయితే సరిపోయింది," అన్నారు ఆవిడ. "ఎల్లుండి ఆరింటికి వస్తాను. ఉంటావుగా?"

"అలాగేనమ్మా."

ఇరవై రెండేళ్ళలో ఆవిడతో అతనాడిన అబద్ధం అదొక్కటే.

క్యాడీల మేస్త్రీ చేతిలో తన ఇత్తడి బిళ్ళ పెట్టి, బయటికొచ్చాడు. గేటు వైపు పోకుండా ఆఖరి గుంట వైపు నడిచాడు. అక్కడ ఎవరూ లేరు. చెప్పులు చేత్తో పట్టుకుని, పొద్దున బంతి ఉన్నచోటి నుంచి గుంట వైపు, తొక్కకూడని దారి మీదే తిన్నగా అడుగులు వేశాడు. అయిదో అడుగులో చల్లగా, గుండ్రంగా తగిలింది. దాని మీద రెండు పాదాలూ ఆన్చి కాసేపు నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు.

ఇంటికి చేరేసరికి భార్య గుమ్మంలోనే ఉంది.

"ఇంత పెందలాడే వచ్చేశారేం?"

"తప్పిచ్చాను."

మానెయ్యమని రోజూ చెవిలో జోరీగలా పోరిన మనిషి, ఆ మాట వినగానే కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తర్వాత వంగి, అతని చెప్పులు తీసి, ముఖం ఇంటి లోపలి వైపు తిప్పి పెట్టింది.

అన్న ప్రకారం మూడోనాడు ఆరింటికి డాక్టరమ్మ సంచుల గదికి వచ్చారు. పదకొండో అడుగులో కొక్కెం ఖాళీగా ఉంది. దాని కింద ఆవిడ సంచి, కర్రలన్నీ తళతళా తుడిచి ఉన్నాయి. సంచి మీద అడ్డంగా ఒక్క ఏడో నంబరు కర్ర, పిడి ఆవిడ వైపు తిరిగి, పిడి కింద రెండు చుట్ల ఎర్రదారంతో ఉంది.