యాభై రెండు అంతస్తుల నీడ

మధ్యాహ్నం రెండు దాటగానే నీడ వచ్చింది. నీడ వెనకే నీళ్ల పైపు వచ్చింది.

టవరు సెక్యూరిటీ వాళ్లిద్దరు రోడ్డు దాటి ఇసుకలోకి దిగారు. ఒకడు పైపు పట్టుకున్నాడు, రెండోవాడు ట్యాంకరు వాల్వు తిప్పాడు. పాత వలల మీద పలచగా పరిచిన నెత్తళ్ల మీద నీళ్లు విరుచుకుపడ్డాయి. పొద్దుటి నుంచి సగం ఆరిన చేప ఇసుకలో కలిసి బురదైపోయింది. అడ్డం వెళ్లిన మహాలక్ష్మమ్మ డెబ్బై ఏళ్ల మనిషి. నీళ్ల దెబ్బకు వెల్లకిలా పడింది. మోచెయ్యి దోక్కుపోయింది.

"వాసనొస్తోందని ఫ్లాట్లు చూడ్డానికొచ్చినోళ్లు వెళ్లిపోతున్నారమ్మా. మాకు పైనుంచి ఆర్డరు," అన్నాడు పైపు పట్టినవాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

"పైనంటే ఎక్కడరా? ఆకాశంలోనా?" అని అరిచింది మహాలక్ష్మమ్మ కింద నుంచే.

తాయారు తన తక్కెడ పక్కన నిలబడి ఇదంతా చూసింది. ఆమె ఎండు చేపల వర్తకురాలు. నూకాలమ్మపాలెం ఆడవాళ్లు ఎండబెట్టిన చేప కొని గోపాలపట్నం, పెందుర్తి బజార్లకు పంపుతుంది. కొనేముందు చేపను రెండు వేళ్లతో వంచుతుంది. పుటుక్కున విరిగితే కొంటుంది, వంగితే పక్కన పెడుతుంది. నీడ పడడం మొదలైన ఈ నెల రోజులుగా అన్నీ వంగేవే. మూడో రోజుకల్లా పురుగు. ఇంకో పద్దెనిమిది రోజుల్లో వేట నిషేధం మొదలవుతుంది. ఆ పైన రెండు నెలలు పడవలు కదలవు. ఇప్పుడు ఎండబెట్టుకున్నదే అప్పటి కూడు. ఎండకపోతే పాలెం మొత్తం పస్తు. ఇందులో మెలికేమీ లేదు.

మెలికంతా టవర్లోనే ఉంది. అడుగు నుంచి కొస దాకా బట్ట పిండినట్టు తిరిగిన యాభై రెండు అంతస్తుల గాజు మేడ అది. మూడేళ్ల కిందట బిల్డరు మనిషి గురునాథరావు పాలెంలో తెర కట్టి సినిమా వేశాడు. దుబాయి, షాంఘై, సింగపూర్. మెలితిరిగిన మేడలు, మధ్యలో కంత పెట్టి గాలిని పోనిచ్చే మేడలు, ప్రతి అంతస్తులోనూ చెట్లు మొలిచిన మేడలు. "రేపు ఆ వరసలో మన వైజాగ్ నిలబడుతుంది," అన్నాడు.

ఆ రోజు పాలెం తరఫున బేరమాడింది తాయారే. మేడ ఎంత ఎత్తని ఆమె అడగలేదు. ఎంత అడ్డమని అడిగింది. మగాళ్ల చేత వలతాడు పట్టించి ఇసుకను బారలతో కొలిపించింది. హద్దుకు సరుగుడు గుంజలు పాతించింది. పడవల దారి వదలాలి, ఇసుక జానెడు కూడా ముట్టుకోకూడదు అంది. గురునాథరావు నూకాలమ్మ ముందు కొబ్బరికాయ కొట్టి మాటిచ్చాడు. ఊరంతా అభ్యంతరం లేదని వేలిముద్రలు వేసింది. గట్టి బేరమని తాయారు ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

గురునాథరావు మాట తప్పలేదు. గుంజ ఒక్కటీ కదలలేదు. అదే ఆమె కడుపులో నిప్పు. సముద్రంలో బతికేవాళ్లు నేలను కొలిచారు, ఎండను కొలవాలని ఒక్కరికీ తట్టలేదు. ఎవరిదీ కాని సరుకు కాబట్టి అందరిదీ అనుకున్నారు. అలాంటి సరుకునే దొంగ ముందు ఎత్తుకుపోతాడని వర్తకురాలై ఉండీ ఆమెకు తెలియలేదు.

తడిసిన నెత్తళ్లు ఒక గంప తీసుకుని తాయారు నేరుగా టవరు ఆఫీసుకెళ్లింది. గురునాథరావు ఆమెను ఏసీ గదిలో కాదు, పైన ఏడో అంతస్తులో కూర్చోబెట్టాడు. అక్కడ ఈత కొలను ఉంది. దాని నిండా ఎండ. చుట్టూ పరుపు కుర్చీలు, మనిషి ఒక్కడు లేడు. గోడ పక్కనుంచి కిందికి చూస్తే పాలెం ఇసుక నల్లగా, తడిగా కనబడింది.

"తాయారమ్మగారూ, మీరు వ్యాపారం తెలిసిన మనిషి. కింద ఒక షాపు మీ పేరున ఇస్తాం. గాజు తలుపులు, ప్యాకింగు మిషను. చేప ఎక్కడో ఎండనీండి, మీరు అమ్ముకోండి. ఆడవాళ్లను ఆ ఇసుక మీంచి లేపించండి చాలు."

తాయారు ఆ మాటను మనసులో తూచింది. తన పిల్లలకు మంచిదే. పాలెం లేకుండా తన షాపులోకి చేప ఎక్కడినుంచి వస్తుంది? ఎక్కడినుంచైనా వస్తుంది. అదే అసలు సంగతి. రేపు తనకు పాలెం అక్కర్లేదు, ఎల్లుండి వీళ్లకు తను అక్కర్లేదు. మొగ్గు ఎటో తేలింది.

"సల్లగా సెప్పినారు బాబూ. ఇంటికాడ అడిగి సెప్తాను," అని గంప అక్కడే వదిలేసి దిగిపోయింది. కొలను పక్కన ఆ వాసన రెండు రోజులుందట.

సాయంత్రం వల అల్లే పాక దగ్గర అందరూ చేరారు. ముందు తిట్లు తాయారుకే పడ్డాయి.

"నువ్వే కదే బేరమాడినావు! బారలు కొలిసినావు, గుంజలు పాతించినావు. ఇప్పుడు సూడు, గుంజలు ఎండబెట్టుకుని తిందాం," అంది మహాలక్ష్మమ్మ, మోచేతికి పసుపు అద్దుకుంటూ.

"తప్పు నాదే అప్పా. కొట్టాలంటే కొట్టండి. కానీ కొడితే ఎండ రాదు," అంది తాయారు.

అప్పుడే దుర్గారావు వచ్చాడు. ఆ టవర్లో రాడ్లు కట్టే మేస్త్రి. విజయనగరం పక్క పల్లెలో పొలం పోయాక పెందుర్తిలో అద్దె గది, రోజూ ఇక్కడ పని. అతన్ని చూడగానే గురువులు అనే పాలెం పెద్ద లేచాడు.

"ఏటి బావా, ఇక్కడికొచ్చినావు? మా నోటికాడ కూడు తీసీసింది మీ సేతులే కదేటి?"

"సేతులు మావే బావా. మేడ మాది కాదు. మొన్న తొమ్మిదో అంతస్తు కాడ మాతో పనిసేసే గుంటడు జారిపడి నడుం విరిగిపోనాది. కంపెనీవోళ్లు గేటు బయట పడీసి, మా మనిషి కాడన్నారు. ఆ పొద్దుట కూడా మాతో టీ తాగినోడు!" దుర్గారావు పుల్ల తీసుకుని నేల మీద మేడ గీశాడు. "నాను డ్రాయింగులు సదవగలను. ఒకటి సూసినాను. నీడ ఏ గంటకి ఎక్కడ పడతాదో గీసిన కాయితం. ముందు గీసినదాంట్లో మజ్జానం నీడ ఆళ్ల ఈత కొలను మీద పడింది. అందుకే మేడని పక్కకి జరిపి, తిప్పి, నీడని మీ ఇసక మీదకి తోసీసినారు."

"అయితే తెలిసే సేసినారా?" అంది మహాలక్ష్మమ్మ.

"తెలిసే. మీ ఇసక కాడ ఏటి రాసినారో తెలుసా? ఖాళీ స్థలం అని."

మూడు వందల గడపల ఊరు. ఖాళీ స్థలం. ఎవరో ఉమ్మేశారు. కుర్రాళ్లు గాజు పగలగొడదామన్నారు. గురువులు కలెక్టరుకు అర్జీ పెడదామన్నాడు. కలెక్టరు సంతకం పెట్టకుండా అది లేచిందా అని ఒకడు నవ్వాడు. వాదన పెరిగి చొక్కాలు పట్టుకునేదాకా వచ్చింది. తాయారు తక్కెడ గిన్నె మీద రాయితో టంగుటంగున కొట్టింది.

"గాజు పగిలితే ఆళ్లకి ఇన్సూరెన్సు, మనకి జైలు. అర్జీ పెడితే నిషేధం ముగిసాక జవాబు. రెండూ నష్టమే. సేప ఎండాల, అంతేనా? ఎండ ఎటుంటే అటు వల జరుపుకోడం మనకి కొత్తేటి? మజ్జానం ఎండ ఇప్పుడెక్కడుంది? మేడకి అవతల, ఆళ్ల గుమ్మంలో. అక్కడే ఎండేద్దాం."

ముందు మహాలక్ష్మమ్మ నవ్వింది. తరవాత పాకంతా నవ్వింది. ఆ నవ్వులో కనికరం లేదు.

ఆదివారం టవరు ప్రారంభపు పండగ. కింద పూల తోరణాలు, పైన ఇంకా పని. రెండు గంటలకు నీడ ఇసుక మీదికి రాగానే ఆడవాళ్లు లేచారు. నూట అరవై మంది. నెత్తిన గంపలు, భుజాన వలలు. మేడ చుట్టూ తిరిగి పడమటి గేటులోకి ఒక్క అలలా దూసుకెళ్లారు. అద్దంలాంటి నల్లరాతి వాకిలి మీద, కార్లు ఆగే చోట, ఎర్ర తివాచీ మీద వలలు పరిచారు. చేపలు పోశారు. ఎండ చురుక్కుమంటోంది. చేప చేపకూ మధ్య వేలెడు సందు వదులుతూ, రోజూ చేసే పనే అన్నంత నిదానంగా పరిచారు.

"ఇది ప్రైవేటు స్థలం!" గురునాథరావు పరుగెత్తుకొచ్చాడు.

"మా ఇసకని మీరు ముట్టుకోనట్టే మేవూ ముట్టుకోలేదు బాబూ. సేప ముట్టుకుంది," అంది తాయారు.

సెక్యూరిటీ వాళ్లు వలలు లాగారు. ఆడవాళ్లు వలల మీద కూర్చున్నారు. గంటలో పోలీసు వ్యాన్లు వచ్చాయి. లాఠీ లేచింది. మొదటి దెబ్బ అడ్డం వచ్చిన గురువులు వీపు మీద పడింది. రెండోది పడేలోపు పైన క్రేను ఆగింది. మనుషుల్ని మోసే లిఫ్టు దిగింది, మళ్లీ దిగింది, మళ్లీ దిగింది. నాలుగు వందల పసుపు హెల్మెట్లు వాకిట్లోకి వచ్చి ఆడవాళ్ల చుట్టూ నిలబడ్డాయి. ముందు దుర్గారావు.

"నడుం విరిగినోడికి వైద్యం, ఈళ్లకి ఎండ. రెండూ తేలీదాకా మా సెయ్యి ఆడదు," అన్నాడు.

తాయారు, మహాలక్ష్మమ్మతో సహా పదమూడు మందిని వ్యాన్లెక్కించారు. చేపల్నీ గోనెల్లో కుక్కి సాక్ష్యంగా పట్టుకెళ్లారు. స్టేషన్లో ఎస్సై ముక్కు మూసుకుని కేసు రాస్తుంటే, వరండాలో కూర్చున్న తాయారు మెల్లగా అంది: "బాబూ, సాక్ష్యం కుళ్లిపోతే రేపు కోర్టులో ఏటి సూపిత్తారు? గోనిలోంచి తీసి ఎండెయ్యండి."

ఎస్సై పెన్ను పక్కన పెట్టి కానిస్టేబుళ్లను కేకేశాడు. తరవాత ఇద్దరు కానిస్టేబుళ్లు స్టేషను ఆవరణలో నెత్తళ్లు పరుస్తూ కనిపించారు. "సందుండాల, సందు! ఒకదాని మీదొకటి ఎయ్యకు!" అని మహాలక్ష్మమ్మ వరండాలోంచి వాళ్లకు పని నేర్పింది.

పొద్దు వాలేవేళ గురునాథరావు ఒక కాగితం పట్టుకొచ్చాడు. కేసు ఎత్తేస్తాం, కింద సంతకాలు పెట్టండి, ఇకనుంచి ఆ తీరంలో మీరు చేప ఎండబెట్టరని రాశాం, నిషేధం రెండు నెలలూ ఇంటికో బియ్యం బస్తా ఇస్తాం అన్నాడు. అందరూ తాయారువైపు చూశారు. తను ఒకసారి ఊరిని అమ్మేసింది, తెలియక. ఈసారి తెలుసు.

గేటు బయట జనం పెరుగుతున్నారు. హెల్మెట్లవాళ్లు, పాలెం పిల్లలు, పడవలాపి వచ్చిన మగాళ్లు. వాళ్లను తోసుకుంటూ ఉత్తరం పక్క పేట ఆడవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లలో ఒకామె ఊచలు పట్టుకుని అరిచింది: "తాయారప్పా! మాకాడ రెండు మేడలొత్తన్నాయంట. నిన్న పునాదికి ముగ్గు పోసీసినారు. మాకేటీ తెలీదు. ఏటి సెయ్యాల?"

తాయారు కాగితం తీసుకుంది. గురునాథరావు పెన్ను అందించాడు. ఆమె పెన్ను తీసుకోలేదు. లేచి, కానిస్టేబులు ఆపేలోపు గేటు దాకా నడిచి, ఊచల సందులోంచి ఆ కాగితం బయటికి ఇచ్చింది.

"ఇది మీ కాడికీ వొత్తాది. సదివించుకోండి. సదివినాక రేపు పొద్దుట మా వాళ్లతో కలిసి ఆ ముగ్గు తుడిచీయండి."