నాలుగు నిమ్మకాయల మీద నేను

నేను ఒక ర్యాలీ కారుని. కొండదారుల్లో దుమ్ము రేపుకుంటూ పరిగెత్తడానికే పుట్టాను. కాకపోతే పుట్టింది కంప్యూటర్లో. నన్నెవరూ తాకలేరు, ఎక్కలేరు, స్క్రీను మీద చూడగలరంతే. నాలో ఇనుము లేదు, పెట్రోలు చుక్క లేదు. చప్పుడుకు మాత్రం లోటు లేదు.

నన్ను తయారుచేసింది కుసుమ. విజయవాడ ఆటోనగర్ దగ్గర ఒక మేడమీది గదిలో కూర్చుని చేసింది. హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ కారు పందాల గేమ్ మొదలుపెట్టి, పాతకాలపు ర్యాలీ కారు కావాలనీ, అది లోకంలో ఎక్కడా లేనిదై ఉండాలనీ అడిగింది. కుసుమ నాకు పిడుగు అని పేరు పెట్టింది. చరిత్ర కూడా అంటగట్టింది. ఎన్నడూ జరగని పందాల్లో నేను గెలిచానట. ఎడమ తలుపు మీది సొట్ట ఏదో మలుపులో బండరాయిని గుద్దుకున్నప్పటిదట. మనుషులు సొంత బండికి చిన్న గీత పడితే అన్నం మానేస్తారు. నాకు మాత్రం గీతలన్నీ కూర్చుని ప్రేమగా పెట్టారు. చూడని ఊళ్ళ బురద మడ్‌గార్డులకు పూశారు. ఎవరూ కూర్చోని సీటు అంచున తోలు అరగదీశారు. ఇంత అనుభవం ఒంటికి పూసుకుని అంగుళమైనా కదలని కారు నేనొక్కదాన్నే అయ్యుంటాను.

కుసుమ తండ్రి సాంబయ్య లారీ డ్రైవరు. మోకాలు అరిగి స్టీరింగు వదిలాక, కూతురి వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని నన్ను చూడటమే ఆయనకు కాలక్షేపం. మొదట్లో నేనంటే చిన్నచూపే.

"ఎక్కటానికి లేని బండి ఎందుకమ్మా ఇంత కష్టపడి?" అనేవాడు.

రానురానూ మెత్తబడ్డాడు. చుట్టాలొస్తే మేడమీదకు పిలిచి మరీ నన్ను చూపించేవాడు.

కంపెనీవాళ్ళ ముందు నేను పరిగెత్తాల్సిన రోజు దగ్గరపడింది. పరిగెడితే గేమ్‌లో నాకు చోటు, కంపెనీలో కుసుమకు ఉద్యోగం. ముందురోజు ఆమె చివరి మెరుగులు దిద్దుతుంటే సాంబయ్య వంగి నా చక్రాలు చూశాడు.

"నిమ్మకాయలేవే?"

"నిమ్మకాయలేంటి నాన్నా?"

"చక్రాల కింద! కొత్త బండిని నిమ్మకాయలు తొక్కించకుండా రోడ్డెక్కిస్తారా ఎవరన్నా? నా సర్వీసులో ఏ బండినీ అట్టా తియ్యలా."

కుసుమ నవ్వింది. నవ్వుతూనే నాలుగు నిమ్మకాయలు చేసి చక్రాల కింద పెట్టింది. సాంబయ్య స్క్రీనుకు కుంకుమబొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి హారతిచ్చాడు. గుమ్మం ముందు కొబ్బరికాయ కొట్టాడు. నిజం చెప్పొద్దూ, నాకు గర్వంగానే అనిపించింది.

అయితే తొందరలో కుసుమ పొరపాటు చేసింది. మా లోకంలో ఏ వస్తువు ఎంత గట్టిదో తయారుచేసినవాళ్ళే చెప్పాలి. దారి పక్క బండరాళ్ళకు చెప్పిన గట్టిదనాన్నే ఆమె నిమ్మకాయలకూ చెప్పేసింది. ఇక అవి నలగవు, జరగవు.

మర్నాడు వీడియో కాల్‌లో కంపెనీ యజమాని విహారి, ఆయన మనుషులు కూర్చున్నారు. కుసుమ మీట నొక్కింది. నేను గర్జించాను. చక్రాలు గిర్రున తిరిగాయి, పొగ లేచింది. నేను మాత్రం ఉన్నచోటే ఉన్నాను.

"ఏంటండీ, కిందవి నిమ్మకాయలా?" విహారి పగలబడి నవ్వాడు.

"ఒక్క నిమిషం సార్, తీసేస్తాను."

వెనకనుంచి సాంబయ్య కంగారుగా అరిచాడు. "తియ్యబాకమ్మా! పెట్టిన నిమ్మకాయ తొక్కాలేగానీ చేత్తో తీస్తారా? అపశకునం!"

మైకు ఆన్‌లోనే ఉంది. అవతల నవ్వులే నవ్వులు. కుసుమ మొహం ఎర్రబడింది. మౌసు మీద చెయ్యి ఆగిపోయింది.

"పర్లేదు, తర్వాత చూద్దాం" అని విహారి ఇంకొకరి కారు చూపించమన్నాడు.

ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. కుసుమ ఇప్పుడు ఏదో ఆన్‌లైన్ దుకాణానికి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు తయారుచేస్తోంది. నన్ను నిమ్మకాయలతో సహా ఒక వెబ్‌సైటులో గుండ్రటి పళ్ళెం మీద నిలబెట్టింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు వేలితో నన్ను తిప్పి, పొట్ట కింద కూడా చూసి పోతారు. వాళ్ళు మెచ్చుకునేదైనా నన్ను కాదు. నిమ్మతొక్క మీద ఆ గుంటలు ఎంత సహజంగా ఉన్నాయో అంటారు! ఇంజనుండీ, గేర్లుండీ, చక్రాలుండీ కదల్లేకపోవడం ఎంత నరకమో వాళ్ళకేం తెలుసు? నాకు ఏడుపొచ్చేది. నా నిమ్మకాయలు కనీసం ఎండిపోవు కూడా.

సాంబయ్య మీద చాలాకాలం కోపం పెట్టుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, ఆయన కూతురి పక్కన చేరి నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, ఆ నిమ్మకాయల్ని మెత్తగా చెయ్యలేవా?"

"ఇప్పుడెందుకు నాన్నా?"

"నా నోటివల్లే ఆగిపోయింది గదా. ఒక్కసారన్నా నడవనీ దాన్ని."

 కుసుమ నా పాత ఫైలు తెరిచి, సాయంత్రం దాకా కూర్చుని నిమ్మకాయల్ని మెత్తబరిచింది. తండ్రిని తన కుర్చీలో కూర్చోబెట్టి, ఏ మీట నొక్కాలో చూపించింది.

సాంబయ్య దణ్ణం పెట్టుకుని నొక్కాడు. నాలుగు నిమ్మకాయలూ ఒక్కసారే చితికాయి. రసం చిమ్మింది. నేను కదిలాను! దుమ్ము లేచింది, చెట్లు వెనక్కి పోయాయి, ఉత్త బొమ్మనుకున్న నా ఒళ్ళంతా ఊగింది.

"నాన్నా, మలుపు దాటాక రోడ్డు లేదు! నేను అక్కడిదాకే చేశా. బ్రేకెయ్!"

సాంబయ్య వేశాడు. కుడికాలితో, బల్ల కింద నేల మీద, బలంగా. "అబ్బా" అని మోకాలు పట్టుకున్నాడు. వేలు మాత్రం మీట మీదే ఉంది. నేను రోడ్డు అంచు దాటి, ఏమీలేని బూడిదరంగులోకి జారిపోయాను. భయం వెయ్యలేదు. పడుతున్నా సరే, వెళుతున్నాను.

కుసుమ గబుక్కున అన్నిటినీ వెనక్కి తెచ్చే మీట నొక్కింది. మరుక్షణం నేను బయలుదేరిన చోటే ఉన్నాను. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, గుండ్రంగా, పచ్చగా, చెక్కు చెదరకుండా.

తండ్రీకూతుళ్ళు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ తర్వాత సాంబయ్య స్క్రీనుకు దగ్గరగా వంగాడు.

"ఇంతకీ ఇప్పుడు తొక్కినట్టా, తొక్కనట్టా?"

కుసుమ గడియారం చూసింది. తెల్లవారితే ఇవ్వాల్సిన ఫ్రిజ్ తలుపు మిగిలుంది. నన్ను మూసేసింది.

ఇప్పటికీ పళ్ళెం మీదే తిరుగుతున్నాను. కావాలంటే వేలితో తిప్పి చూడండి, నా టైర్లు పొడిగానే ఉంటాయి. కానీ నేను తొక్కాను.