పిల్లలెందరమ్మా?

పిల్లలెందరని ఎవరైనా అడిగితే సోములమ్మ తడుముకోకుండా నలుగురని చెప్పేది. ఆ నలుగురినీ కన్నది ఆమె సవతి దైమతి అని వాళ్ల ఊరు మెట్టగుడలో అందరికీ తెలుసు. అయినా సంతలో ఉప్పు కొనేచోట, జీపులో పక్కన కూర్చున్న పరాయి ఆడదానితో, మందులివ్వడానికొచ్చిన నర్సమ్మతో, ఎక్కడైనా సరే ఆ లెక్క మారేది కాదు. విన్నవాళ్లలో కొందరు మూతి తిప్పుకునేవారు. తిప్పుకోనీ అనుకునేది.

పెళ్లయిన కొన్నేళ్లకు కూడా కడుపు పండలేదని మొగుడు బుధు దైమతిని తెచ్చుకున్నాడు. తెచ్చుకోమన్నది సోములమ్మేనని ఊళ్లో చెప్పుకుంటారు. చెప్పకపోయినా తెచ్చుకునేవాడే కనక అందులో ఆమె గొప్పతనం ఏమీ లేదు. దైమతికి మొదటి రెండు కాన్పులూ ఇంట్లోనే తేలిగ్గా జరిగిపోయాయి. మూడోదానికి బిడ్డ అడ్డం తిరిగింది. ఊరికి రోడ్డు లేదు. డోలీ కట్టి, నలుగురు మగాళ్లు భుజం మార్చుకుంటూ వానలో కొండ దింపారు. కింద ఆస్పత్రికి చేరేసరికి దైమతి ప్రాణం పోయినంత పనయింది. ఆమె మంచం దిగేదాకా చంటిదాన్ని సోములమ్మ మేకపాలతో సాకింది. ఆ తర్వాత కూడా ఆ పిల్ల ఆమె పక్క వదల్లేదు. అదే నిర్మల. మాటలొచ్చాక సోములమ్మను అమ్మా అంది, కన్నతల్లిని చిన్నమ్మా అంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ దిద్దలేదు. మిగతా ముగ్గురూ సోములమ్మను పెద్దమ్మా అనేవారు.

ఊరికి మాత్రం ఆమె గొడ్రాలే. చైత్రంలో విత్తనాల పండగనాడు దేవతముందు చోళ్లూ సామలూ కలిపిన బుట్ట పెట్టి, ఇంటికో గుప్పెడు పంచుతారు. ఇంటి ఆడది బుట్టలో చెయ్యిపెట్టి తీసుకోవాలి. బుధు ఇంటి తరఫున ఎప్పుడూ దైమతే తీసుకునేది. సోములమ్మ చెయ్యి తగిలితే విత్తనం మొలవదని ఎవరూ పైకి అనలేదు. ఆమె దూరంగా నిలబడితే రమ్మని కూడా ఎవరూ పిలవలేదు.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. సర్పంచి పదవి ఆడవాళ్లకన్నారు. ఆ పంచాయతీకి ఎప్పుడూ కింద ఉన్న దిగువలసవాళ్లే సర్పంచులు. రోడ్లూ కుళాయిలూ ఆ ఊరి పొలిమేర దాటి పైకెక్కేవి కావు. ఈసారి మనమనిషిని నిలబెడదామని మెట్టగుడవాళ్లు కూర్చున్నారు. తీరా చూస్తే నిలబెట్టడానికి మనిషి లేదు. ఇద్దరిని మించి పిల్లలున్నవాళ్లు పోటీకి పనికిరారని సర్కారువారి చట్టం. ఆ చట్టం రాసినవాళ్లు ఈ కొండెక్కి చూసిన పాపాన పోలేదు. పోయేవాళ్లు పోగా ఇద్దరైనా మిగలాలని ఇక్కడ నలుగురిని కనేవారు. ఈమధ్య పిల్లలు చావడం తగ్గింది, నలుగురూ మిగులుతున్నారు. ఒకరిద్దరు పిల్లలున్న పడుచులు ఉన్నారు గానీ, నిలబడమంటే వాళ్ల మొగుళ్లు కొట్టడానికొచ్చారు.

ఊరిపెద్ద పైడయ్య బుధు ఇంటికొచ్చి అరుగుమీద కూర్చున్నాడు.

"సోములమ్మా, నువ్వే నిలబడాల. నీకైతే పిల్లల్లేరు గదా."

ఇన్నాళ్లూ చాటుగా అన్న మాట ఇప్పుడు బతిమాలుతూ అన్నాడు. సోములమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"లేరని ఎవుడు సెప్పాడు మావా? నలుగురున్నారు," అంది.

"ఆ మాటే అక్కడ అనకు తల్లీ, కొంప మునిగిపోద్ది. దిగువలస తాతారావు పెళ్లాం నిలబడతాంది. నీకు పిల్లలున్నారని ఆడు అడ్డం పడతాడంట. నిర్మల నిన్ను అమ్మా అని పిలవడం ఆ ఊరి బడికాడ అందరూ ఇన్నారంట. అందుకని గుంటని కూడా ఎంటబెట్టుకెల్దాం. ఆఫీసరు అడిగితే నువ్వు పెద్దమ్మవని అదే సెప్తాది."

సోములమ్మ ఒప్పుకోలేదు. పైడయ్య వెళ్లాక దైమతి వచ్చి పక్కన కూర్చుంది.

"అప్పా, నన్ను డోలీలో దింపిన రోజు నీకు గేపకముందా? రేపు నా పెద్దకూతురికీ అదే దారి. ఒక్క మాటే గదా."

నామినేషన్లు పరిశీలించేనాడు తెల్లారగట్ల గెడ్డ నీళ్లలో నిర్మలకు తలంటుతూ సోములమ్మే చెప్పింది.

"ఆఫీసులో నన్ను అమ్మా అనకు. పెద్దమ్మ అను."

"ఎందుకమ్మా?"

"మనూరికి రోడ్డు రావాల. ఈయాల ఒక్కరోజే."

అప్పటికి నిర్మల ఐదో తరగతి. ఒక్కరోజంటే ఎంతో దానికి తెలుసు. తలూపింది.

ఆఫీసు గది జనంతో కిక్కిరిసి ఉంది. తాతారావు అన్నంత పనీ చేశాడు. ఈవిడ పేరుతో ఉన్న బియ్యం కార్డులో నలుగురు పిల్లలున్నారండీ అని గొంతు పెంచాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని, సోములమ్మ వైపు తిరిగాడు.

"పిల్లలెందరమ్మా?"

అలవాటైన మాట నాలుక చివరికొచ్చింది. వెనక పైడయ్య దగ్గాడు. సోములమ్మ ఆ మాట మింగేసింది.

"లేరు బాబూ."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరూ లేరు. నాను గొడ్రాలిని."

ఊరంతా చాటున అన్నా తన నోటితో తాను ఎన్నడూ అనని మాట అది. ఆఫీసరు నిర్మలను దగ్గరికి పిలిచాడు.

"పాపా, ఈమె నీకేమవుతుంది?"

నిర్మల ఆఫీసరును చూడలేదు. సోములమ్మనే చూసింది. ఇంకేమైనా చెప్తుందేమోనని కాసేపు ఆగింది. సోములమ్మ తల దించుకుంది.

"పెద్దమ్మ," అంది నిర్మల.

నామినేషన్ చెల్లింది. బయటికి రాగానే మెట్టగుడవాళ్లు గుంటకు జిలేబీ కొనిపెట్టారు.

ఆ రాత్రి నిర్మల చాప తీసుకెళ్లి దైమతి పక్కన వేసుకుంది. సోములమ్మ తెల్లారితే ఒక్కరోజు అయిపోతుందిగదా అనుకుంది.

తెల్లారింది. "పెద్దమ్మా, నీల్లు కాగినాయి," అంది నిర్మల.

సోములమ్మ దాని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఒక్కరోజే అన్నాను గదే?"

"ఎవులైనా ఇంటే? నీకు పదవి రాదు గదా."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పిల్ల బుద్ధిగా చెప్పినట్టే చేస్తోంది.

సోములమ్మ గెలిచింది. పనిమంతురాలైన సర్పంచి అనే చెప్పాలి. ఆఫీసుల గుమ్మాల్లో కూర్చుంటే పని చేసిపెట్టేదాకా లేచేది కాదు. విసుక్కున్నవాళ్లే చివరికి సంతకాలు పెట్టారు. కాఫీ తోటల పక్కనుంచి మెట్టగుడ దాకా రోడ్డు పడింది. దైమతి పెద్దకూతురు పురిటికి ఆటోలోనే దిగింది. ఆ చైత్రంలో పైడయ్యే స్వయంగా పిలిచి, ముందు నువ్వు చెయ్యిపెట్టమ్మా అని విత్తనాల బుట్ట చూపించాడు. పదవికి గొడ్డుతనం అంటదు కాబోలు. సోములమ్మ గుప్పెడు తీసుకుంది. ఆ ఏడు చోళ్లు బాగానే పండాయి.

ఊరు ఇన్నాళ్లకు ఇచ్చింది గానీ, ఇంట్లో పోయింది తిరిగి రాలేదు. నిర్మల ఆమె బట్టలు ఉతికేది, జ్వరమొస్తే రాత్రంతా మేలుకునేది, ఆఫీసు కాగితాలు చదివి వినిపించేది. అన్నీ చేసేది, పెద్దమ్మా అంటూనే. ఒక్కోసారి నిద్రలోనైనా నోరు జారుతుందేమోనని సోములమ్మ చెవి ఒగ్గి పడుకునేది. జారలేదు.

పదవి ఉండగానే సర్కారు ఆ చట్టం ఎత్తేసింది. జనం తగ్గిపోతున్నారు, ఎందరు పిల్లలున్నా నిలబడొచ్చు అన్నారు. మెట్టగుడ నవ్వుకుంది. సోములమ్మ పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది.

"నిర్మలా, సట్టం తీసీసినారు. ఇంక ఎవులిన్నా పర్లేదు."

"అలాగా," అంది నిర్మల. చోళ్లు చెరుగుతోంది. "మంచిదే పెద్దమ్మా."

మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఈసారి సోములమ్మను ఎవరూ బతిమాలలేదు, ఎవరూ అడ్డుపడలేదు. ఇంటర్ చదువుతున్న నిర్మలే కాగితాలు నింపి వెంట వెళ్లింది. ఇప్పుడున్నది ఆడ ఆఫీసరు. అన్నీ చూసి, సంతకాలు తీసుకుని, సరిపోయాయమ్మా, వెళ్లిరండి అంది.

సోములమ్మ కదల్లేదు. ఈ గది కోసమే ఆమె ఇన్నాళ్లూ కాచుకుని ఉంది.

"ఇంకేమైనా ఉందా?"

"పిల్లలెందరని అడగనేదు గదమ్మా."

"అది ఇప్పుడు అక్కర్లేదమ్మా. చట్టం తీసేశారు."

"నలుగురు," అంది సోములమ్మ, గదిలో అందరికీ వినపడేలా. "మూడోది ఇదిగో, ఇదే. నా కూతురు."

ఆఫీసరు నవ్వి, తర్వాతివాళ్లను పిలిచింది.

బయట ఆటోకోసం నిలబడ్డారు. సోములమ్మ కాసేపు ఓపిక పట్టింది, ఇక పట్టలేకపోయింది.

"ఇన్నావా?"

"ఇన్నాను."

"మరి?"

నిర్మల గొంతులో కోపం లేదు. రోజూ కాగితాలు చదివిపెట్టే గొంతుతోనే అంది.

"అడిగినపుడు లేరన్నావు. అడగనపుడు ఉన్నారంతన్నావు."

సోములమ్మకు రోడ్డు, డోలీ, దైమతి, ఊరు, చెప్పడానికి ఎన్నో ఉన్నాయి. అన్నీ నిజమే.

మెట్టగుడ ఆటో వచ్చి ఆగింది. నిర్మల ముందెక్కి, లోపలినుంచి చెయ్యి చాచింది. ఈమధ్య సోములమ్మకు మోకాళ్లు పట్టేస్తున్నాయి.

"బేగి ఎక్కు పెద్దమ్మా," అంది.

సోములమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఎక్కింది.