పంపినవారి సంతకం

మూడో పెట్టెకు టేపు వేసి, అంచును బొటనవేలితో గట్టిగా రుద్ది, ఉమామహేశ్వరరావు దాన్ని గోడవారగా జరిపాడు. సిడ్నీ శివారు పారమట్టాలో రైలు పట్టాల పక్కనున్న ఆ షెడ్డులో బండి వెళ్ళినప్పుడల్లా రేకులు గడగడలాడతాయి. ఆరేళ్ళుగా ఆయన చెవులు దానికి అలవాటు పడ్డాయి.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. పొట్టి, వంగిన భుజాలు, అట్టల అంచులు కోసి గీతలు పడిన వేళ్ళు. ఆ వేళ్ళతోనే అనకాపల్లి కాలేజీలో ఇరవై రెండేళ్ళు సుద్దముక్క పట్టుకొని కెమిస్ట్రీ చెప్పాడు. భార్య శ్యామసుందరి నర్సు. ఆమె ఉద్యోగం మీద ఇద్దరూ సిడ్నీ వచ్చారు. ఇక్కడ ఆయన చదువు ఎవరికీ అక్కరలేకపోయింది. ఈ షెడ్డు యజమాని రాజారావు పిలిచి పార్సెళ్ళు కట్టే పని ఇచ్చాడు. మూడేళ్ళ క్రితం ఆమె పోయాక, ఆ పనే ఆయనను పొద్దున్నే మంచం మీంచి లేపేది. వీధి చివర ఆయన పరుగు చూసి బస్సు ఆపి ఉంచే డ్రైవరు ఒకడున్నాడు. రోజూ అతనికి మనసులో దండం పెట్టుకునేవాడు.

ఇప్పుడంతా ఇంటర్నెట్ దుకాణాల కాలం. ఆ దుకాణాల సరుకు తెప్పించి, కట్టి, విదేశాలకు పంపడం రాజారావు కొత్త వ్యాపారం. దానికి వెబ్‌సైట్ తయారుచేసింది భార్గవ్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే వై-టు-కె పని కోసం వచ్చి, ఆ జనవరి దాటాక ఉద్యోగం పోతే, ఈ షెడ్డులో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

నాలుగో పెట్టె వేట సామాన్ల దుకాణానిది. తెరిస్తే పైన ఖాళీ ఇత్తడి తూటా తొడుగులు, వాటి కింద సీసం గుళ్ళు. అడుగున పల్చటి ట్రేలలో కందిపప్పు గింజంత మూతలు, ఐదు వేలు. తూటా వెనక అమర్చే వీటికి చిన్న దెబ్బ తగిలితే చాలు, తూటాను పేల్చేవి ఇవే. లోపల ఏ మందు ఉంటుందో, అది రాపిడికి ఎలా మండుతుందో ఆయన ఏటా తరగతిలో చెప్పిన పాఠమే.

పక్కనే కస్టమ్స్ ఫారం, టైపు చేసి సిద్ధంగా ఉంది. చేరవలసింది బ్యాంకాక్. సరుకు: ఇత్తడి కుళాయి భాగాలు. పంపినవారు: ఉమామహేశ్వరరావు.

ఫారం పట్టుకొని ఆయన రాజారావు కూర్చునే అద్దాల గదిలోకి వెళ్ళాడు.

"రాజారావు గారూ, ఇవి కుళాయి భాగాలు కావండీ."

"తెలుసు మాస్టారూ. సైన్ చేసెయ్యండి. నాలుగింటికి పోస్టు వ్యాన్ వస్తుంది."

"పర్మిట్ ఏదండీ?"

"అప్లై చేస్తే వారాలు పడుతుంది. ఇక్కడ గవర్నమెంటు ఓకే అనాలి, అక్కడ వాళ్ళూ ఓకే అనాలి. అప్పటిదాకా కస్టమర్ ఆగుతాడా? ఇంకో సైట్‌లో క్లిక్ కొడతాడు."

"తొడుగులూ గుళ్ళూ పర్మిట్ వచ్చాకే పంపుదాం. ఈ పేలే క్యాప్స్ మాత్రం పోస్టులో అసలు వెళ్ళకూడదండీ. పోస్టు సంచులు వెళ్ళేది ప్యాసింజర్ ఫ్లైట్‌లోనే కదా, మనుషుల కాళ్ళ కింద."

రాజారావు నవ్వాడు. "జనవరి ఒకటిన విమానాలు రాలిపోతాయన్నారు. ఒక్కటైనా పడిందా? ఇవి దీపావళి తుపాకీ బిళ్ళలనుకోండి."

"అలాగైతే మీ పేరే పెట్టుకోండి."

"కంపెనీ పేరుంటే విప్పి చూస్తారండీ. మనిషి పేరుంటే ఎవరో చుట్టాలకి పంపుకుంటున్నార్లే అని వదిలేస్తారు."

ఉమామహేశ్వరరావుకు ముఖం వేడెక్కింది. మూడేళ్ళ క్రితం శ్యామసుందరి అస్థికలు పట్టుకొని ఇదే ఊరి విమానాశ్రయంలో నిలబడ్డాడు. మరణ పత్రం, దహనం చేసినవారి పత్రం, పెట్టెలో ఇంకేమీ లేదని మరో పత్రం. గుప్పెడు బూడిదకు అన్ని కాగితాలు. ఒక్కటి కూడా తప్పు రాయలేదు. ఆ అధికారి అన్నీ చదివి, పెట్టెను రెండు చేతులా అందుకొని, రెండు చేతులా తిరిగి ఇచ్చాడు. నిజం రాసినందుకు దొరికిన గౌరవం అది. ఇప్పుడు రాజారావు ఐదు వేల పేలుడు మూతలను ఒక్క అబద్ధం కింద దాచి, అలాంటి మనిషి చేతిలోనే పెట్టమంటున్నాడు!

"పెట్టనండీ" అన్నాడు.

"ఎవరూ ఇవ్వనప్పుడు పని ఇచ్చాను మాస్టారూ."

"మర్చిపోలేదు. అందుకే ఆరేళ్ళూ మీ పెట్టె ఒక్కటీ చిరగలేదు. అబద్ధం రాయడం మాత్రం ఆ పనిలో లేదండీ."

"అయితే రేపట్నించి రావద్దు." రాజారావు ఫారం లాక్కొని బయటికొచ్చాడు. "భార్గవ్! దీన్లో నీ పేరు టైప్ చేసి సైన్ పెట్టు. నీ వీసా పేపర్ల మీద నేను సైన్ చెయ్యాల్సింది వచ్చే నెలే కదా?"

భార్గవ్ పెన్ను తీసుకున్నాడు.

ఆరేళ్ళలో ఎవరూ విననంత గట్టిగా మాస్టారి గొంతు ఆ షెడ్డులో లేచింది. "సిగ్గుందా మీకు? పరాయి దేశంలో ఒంటరిగా ఉన్నవాడి మెడ మీద కత్తి పెట్టి దొంగ సంతకం చేయిస్తారా? పట్టుబడితే జైలుకి మీరెళ్తారా, వాడెళ్తాడా?"

"అంకుల్, ప్లీజ్... నేను చూసుకుంటా" అన్నాడు భార్గవ్ నెమ్మదిగా.

"నువ్వేం చూసుకుంటావు నాయనా! ఆ పెన్ను కింద పెట్టు."

ఆయన నాలుగో పెట్టె మూసి టేపు వేసి, లావుపాటి నల్ల మార్కరు తీసుకొని దాని మీదకు వంగాడు. 'తూటా పేలుడు మూతలు. విమానంలో పంపరాదు' అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాశాడు. పెట్టె తిప్పి మళ్ళీ రాశాడు. రాజారావు చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. ఆరు వైపులా రాశాక మార్కరుకు మూత పెట్టి, సింకు దగ్గర చేతులు కడుక్కొని, ఎవరివైపూ చూడకుండా బస్‌స్టాప్ దారి పట్టాడు.

నాలుగింటికి వ్యాన్ వచ్చింది. డ్రైవరు మూడు పెట్టెలు ఎక్కించి, నాలుగోదాని ముందు ఆగి, చదివి, "నో వే, మేట్" అన్నాడు. వ్యాన్ వెళ్ళిపోయింది.

రాజారావు కొత్త అట్టపెట్టె తెచ్చి భార్గవ్ ముందు పడేశాడు. "ఇందులోకి మార్చు. రేపు పోతుంది."

భార్గవ్ రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను సైన్ పెట్టను సర్" అన్నాడు. కంప్యూటర్ ఆపి, బ్యాగు భుజాన వేసుకున్నాడు.

బల్ల మీద ఆ పెట్టె మిగిలింది. వాలుగా పడిన ఎండలో, పాఠం చెప్పేవాడు బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, చివరి బెంచీకి కూడా కనబడేంత పెద్దగా, నల్లటి అక్షరాలు.