ఓడెల్ మాకమ్ అరిచిన పేరు

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో వెర్నా టాలివర్ అయిదుగురు అమెరికా అధ్యక్షుల వెంట కాపలాగా నడిచింది. వాళ్లలో ఒక్కరి ప్రసంగమూ ఆమె సరిగా వినలేదు. అధ్యక్షుడు మాట్లాడుతున్నంతసేపూ ఆయన వైపు వీపు పెట్టి జనంలోకి చూస్తూ ఉండేది. ముఖాల్ని కాదు, చేతుల్ని. చివరికి కలల్లోనూ చేతులే వచ్చేవి. గొడుగు పట్టుకున్నవి, పసిపిల్లల్ని ఎత్తుకున్నవి, కోటు జేబులో దూరి ఎంతకీ బయటికి రానివి.

ఇప్పుడలా నిలబడే పని లేదు. వాషింగ్టన్‌లో అధ్యక్షుడి రక్షణ విభాగంలో ఆమెది పైనుంచి రెండో కుర్చీ. బెదిరింపు ఉత్తరాల దర్యాప్తంతా ఆమె చేతి కిందే. సెప్టెంబరులో రిటైర్మెంటు. మే నెలలో ఒక సోమవారం పొద్దున, ఆమె కింద పనిచేసే బ్రాంట్లీ ప్లాస్టిక్ కవరులో ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మీ పాత చుట్టం రాశాడు, మేడమ్."

పసుపు కాగితం మీద అధ్యక్షుడికి పెన్సిల్‌తో రాసిన ఉత్తరం. 'వంతెన తెరవడానికి శుక్రవారం మా ఊరొస్తున్నావట. నేనూ వస్తున్నా. ఈసారి నా మాట నువ్వు వినక తప్పదు. ఇట్లు, ఓడెల్ మాకమ్.'

వెర్నాకి నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు చూసి తనకే భయమేసింది.

ఓడెల్‌ది వెస్ట్ వర్జీనియా కొండల మధ్య ప్రూయిట్స్ లాండింగ్ అనే చిన్న ఊరు. అక్కడ నది దాటాలంటే బల్లకట్టే దిక్కుగా ఉండేది. ఒక వసంతంలో వరదకి ఆ బల్లకట్టు తిరగబడి ఓడెల్ తమ్ముడు లెమ్ నీళ్లలో పోయాడు. శవం కూడా దొరకలేదు. అప్పట్నుంచీ గద్దెనెక్కిన ప్రతి అధ్యక్షుడికీ వంతెన కట్టించమని ఓడెల్ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. ఒకసారి విసుగెత్తి, 'కట్టకపోతే మీ ఇంటికే వచ్చి తేల్చుకుంటా' అన్నాడు. ఇరవై ఆరేళ్ల కిందట ఆ ఉత్తరం పట్టుకునే వెర్నా మొదటిసారి ఆ ఊరు వెళ్లింది. ఆయన ఆమెని కూర్చోబెట్టి ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే పెట్టి, "ఆ ఇంటికి రావాలంటే బస్సెక్కడ మారాలమ్మాయ్?" అని ఆమెనే అడిగాడు. 'ప్రమాదం లేదు. దుఃఖం ఉంది' అని ఆమె నివేదికలో రాసింది. రెండో వాక్యాన్ని పైఅధికారి కొట్టేశాడు.

"శుక్రవారం దాకా ఆయన్ని ఏదో ఒకచోట కూర్చోబెడదాం, మేడమ్," అన్నాడు బ్రాంట్లీ.

"ఏ నేరం మీద?"

"ఇది చాలదా?"

"చాలదు. నేను వెళ్లి చూసొస్తాను."

"మీకాయన మీద కాస్త అభిమానం ఉంది. ఏమీ అనుకోకండి."

"ఉంది. అందుకే నువ్వు మనుషుల్ని తీసుకెళ్లి ఇల్లు వెతుకు. ఆయన ఒప్పుకుంటాడు. నేను మాట్లాడతాను."

మర్నాడు పొద్దున ఆమె చేరేసరికి నదంతా పొగమంచు కమ్మి ఉంది. ఎనభై ఒక్కేళ్ల ఓడెల్ అడుగు చదునుగా ఉన్న చిన్న పడవలో కూర్చుని ఉన్నాడు.

"వచ్చావా? ఎక్కు మరి. అరిచి మాట్లాడే ఓపిక నాకు లేదు."

ఆఫీసు బూట్లతోనే ఎక్కింది. నాలుగు తెడ్లు వేసేసరికి ఒడ్డు మాయమైంది. పైన తెలుపు, కింద తెలుపు. నీళ్ల చప్పుడు ఒక్కటే, అదీ ఎక్కణ్ణుంచో వస్తున్నట్టుంది. ఎక్కడో బొగ్గు రైలు వెళ్తోంది. అది దగ్గరికొస్తోందో దూరం పోతోందో తెలియడం లేదు. తాను ఎందుకొచ్చిందో ఒక్క క్షణం వెర్నా మర్చిపోయింది. నిద్రలోంచి లేచినట్టు ఉలిక్కిపడి అడిగింది.

"పెద్దాయనా, నీ తుపాకీ ఎక్కడుంది?"

"పోయినేడే మేనల్లుడికిచ్చేశా. చూపు ఆనడం లేదు. వేటకెళితే ఉడతలు నన్ను చూసి పకపకా నవ్వుతున్నాయి."

"అధ్యక్షుడికేం వినిపించాలి నువ్వు?"

ఓడెల్ తెడ్డు ఆపాడు. "ఎవరో సెనేటరు పేరు పెట్టారటగా వంతెనకి. పెట్టుకోనీ. మా లెమ్ పేరు అధ్యక్షుడి చెవిన ఒక్కసారి పడాలి. అంతే. పంతొమ్మిదేళ్లమ్మా వాడికి. ఈత రాదు. నాకొచ్చు. ఆ రోజు బల్లకట్టు మీద నేనుండాల్సింది, నాకు జ్వరమని వాణ్ణి పంపించా."

ఇరవై ఆరేళ్లలో ఈ మాట ఆయన ఒక్కసారీ చెప్పలేదు. మంచులోంచి కొత్త వంతెన స్తంభం చప్పుడు లేకుండా వాళ్ల మీదికి వచ్చి, చప్పుడు లేకుండానే వెనక్కి జరిగిపోయింది.

ఓడెల్ ఇంట్లో బ్రాంట్లీ మనుషులకి ఏమీ దొరకలేదు. తుపాకీ మేనల్లుడి ఇంట్లో తాళం పెట్టిన బీరువాలో ఉంది. ఆ సాయంత్రమే, వంతెన సభలో ఓడెల్ మాకమ్‌ని తన పక్కన కూర్చోబెట్టుకుంటున్నానని, పూచీ తనదేనని వెర్నా రాసి సంతకం పెట్టింది.

శుక్రవారం పొద్దున ఆయన కోటూ, జేబులూ, బూట్లూ ఆమే స్వయంగా వెతికింది. "చక్కిలిగిలి పెట్టకమ్మాయ్," అన్నాడు ఆయన.

బ్యాండు వాయించారు. అధ్యక్షుడు లేచి మాట్లాడాడు. వెర్నా మొదటిసారి వేదిక వైపు ముఖం పెట్టి కూర్చుంది. ఉక్కు, కాంక్రీటు, ఉద్యోగాలు. ఇంతేనా, ఇన్నేళ్లూ తన వీపు వెనక జరిగింది ఇదేనా అనుకుంది. ఆ గొంతు ఎండలో తేలుతూ వస్తోంది. ఆమెకి కళ్లు మూతలు పడుతున్నాయి.

పక్కన కుర్చీ కిర్రుమంది. ఓడెల్ లేచాడు.

"లెమ్యుయెల్ మాకమ్!" అని గొంతు చించుకుని అరిచాడు. "పంతొమ్మిదేళ్లు! ఇక్కడే, ఈ నీళ్లలోనే!"

బ్రాంట్లీ రెండంగల్లో వచ్చేశాడు. వెర్నా అరచెయ్యి అడ్డంగా ఎత్తింది. అతను ఆగాడు. వేదిక మీద అధ్యక్షుడికి మాటలు అందలేదు. ఎవరో ముసలాయన జేజేలు కొడుతున్నాడనుకుని విశాలంగా నవ్వి, ఇటు చెయ్యి ఊపాడు. జనం చప్పట్లు కొట్టారు.

ఓడెల్ మెల్లగా కూర్చున్నాడు.

"విన్నాడు కదూ?"

"నీకే చెయ్యి ఊపాడుగా," అంది వెర్నా.

అందరూ వెళ్లాక ఆమె చెయ్యి పట్టుకుని ఆయన వంతెన మధ్యదాకా నడిచాడు. అంచు కమ్మీల మీద గడ్డం ఆనించి చాలాసేపు కిందికి చూశాడు. ఎండకి నది మెరుస్తోంది. వెర్నా ఫోను మోగుతూనే ఉంది.

సోమవారం డైరెక్టర్ ఆమెని తన గదికి పిలిపించాడు.

"ఆ ముసలాయన చేతిలో ఏదైనా ఉండి ఉంటే?"

"లేదు సార్. నేనే వెతికాను."

"అయితే ఆయన లేచినప్పుడు నీకు భయం వెయ్యలేదన్నమాట."

వెర్నా అబద్ధం చెప్పొచ్చు. "వేసింది," అంది. "ఒక్క ఊపిరిపాటు, ఏం జరుగుతుందో నాకు తెలియలేదు. అయినా చెయ్యి ఎత్తాను. మళ్లీ అలా కూర్చోబెట్టుకోను సార్. ఈ ఒక్కసారికి మాత్రం బాధ లేదు."

డైరెక్టర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాతపూర్వకంగా మందలించక తప్పదు."

"రాయండి."

ముప్పై ఏళ్లలో ఆమె ఫైలులో చేరిన మొదటి మందలింపు అదే, చివరిదీ అదే. సంతకం పెట్టి కిందికి దిగింది. సన్నగా వాన పడుతోంది. తడుస్తూనే మెట్రో స్టేషన్‌కి నడిచి, వచ్చిన రైలు ఎక్కి కూర్చుంది. నాలుగు స్టేషన్లు దాటాక తెలిసింది, అది తన ఇంటి వైపు వెళ్లేది కాదని. దిగలేదు. కిటికీ అద్దం మీద జారే చుక్కల్ని చూస్తూ ఆఖరి స్టేషన్ దాకా అలాగే వెళ్లింది.