గట్టుకీ గట్టుకీ మధ్య

మా అక్కవాళ్ల వీధిలోంచి బయటపడాలంటే ఒకటే దారి, మురుగుకాలువ మీది కల్వర్టు. వెనకవైపు రైలుకట్ట, దానికి నిలువెత్తు గోడ. వానలకు కల్వర్టు నడిమి పలక విరిగి కాలువలో పడింది. కాళ్లున్నవాళ్లు మిగిలిన అంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ దాటుతున్నారు. మా బావ చక్రాల కుర్చీలో ఉన్నాడు.

బావ దర్జీ. పక్షవాతం వచ్చి కుడికాలూ కుడిచెయ్యీ పడిపోయాయి. "ఈ ఆర్నెల్లూ వారానికి మూడుసార్లు తీసుకొచ్చి వ్యాయామం చేయించండి, మళ్లీ కత్తెర పడతాడు. ఆ తర్వాత నా చేతుల్లో లేదు" అంది డాక్టరమ్మ. అప్పటికే ఆ ఆర్నెల్లలో ఒక నెల గడిచిపోయింది.

కల్వర్టున్న చోటి ఎమ్మెల్యే సంతకం ఉంటే రేపే పలక వేయిస్తానన్నాడు ఇంజనీరు. అక్క అర్జీ పట్టుకుని తూర్పు ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్లింది. వీధి ఆయన నియోజకవర్గంలోదే. పీఏ గోడ మీది మ్యాపు చూపించాడు.

"మా హద్దు మీ గట్టుతో ఆఖరమ్మా. కల్వర్టు పడమటివాళ్లది."

పడమటి ఎమ్మెల్యే పీఏ కూడా మ్యాపే చూపించాడు. "మాది మా గట్టుదాకానే. అయినా మీ ఓట్లు మాకు పడవు కదమ్మా!" అన్నాడు. పాపం, టీ కూడా ఇప్పించాడట. మొత్తానికి ఆ కల్వర్టు రెంటికి చెడ్డ రేవడి అయింది.

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు పనిచేసేది మ్యాపుల ఆఫీసులోనే కదరా! ఆ హద్దు గీసినవాడెవడో కనుక్కో. వాడి చెయ్యి పడిపోనూ!" అంది అక్క.

కనుక్కునే పని లేదు. గీసింది నేనే.

నియోజకవర్గాల పునర్విభజన జరిగినప్పుడు, తూర్పుదానికి "పడమర హద్దు: కాలువ తూర్పు గట్టు" అని రాశాను. భోజనం చేసి వచ్చి, పడమటిదానికి "తూర్పు హద్దు: కాలువ పడమటి గట్టు" అని రాశాను. గట్టుకు గట్టు సరిపోయిందని మురిసిపోయాను కూడా. మధ్యలో కాలువొకటి ఉందన్న ఇంగితం లేకపోయింది. అభ్యంతరాలుంటే నెలలోగా చెప్పమని నోటీసు అంటించిందీ నేనే. ఆ నెలంతా దాన్ని ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

మా పెద్దసారు దగ్గర తప్పు ఒప్పుకున్నాను. నాలుగు చివాట్లు పెట్టినా బాగుండేది. ఆయన జాలిపడ్డాడు.

"గెజిట్‌లో పడిందయ్యా. మళ్లీ విభజన జరిగేదాకా అక్షరం కదపలేం."

"ఎన్నాళ్లు సార్?"

"ఎంత లేదన్నా పదేళ్లు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం చెప్పు?"

కాలింది నా చేతులైతే ఇంత బాధ ఉండేది కాదు.

వీధివాళ్లు రెండు వారాలు బావను మోశారు. ఎవరి పనులు వాళ్లకుంటాయి, నేను తప్పుపట్టను. తర్వాత నేను వీపున ఎక్కించుకున్నాను. మూడోసారి కాలు జారి ఇద్దరం కాలువలో పడ్డాం. "ఇక చాలు బావమరిదీ. నీ నడుమూ విరిగితే మీ అక్క ఇద్దరికి చాకిరీ చెయ్యాలి" అన్నాడు బావ, ముఖాన బురద తుడుచుకుంటూ.

ఆరో నెలలో ఎన్నికలొచ్చాయి. బూత్‌కు వెళ్లాలన్నా ఆ కల్వర్టు దాటి చుట్టు తిరగాల్సిందే. పోలింగు రోజు పొద్దున్నే రెండు పార్టీల నుంచీ ఇద్దరేసి మనుషులొచ్చారు. ఏనాడూ పలకరించుకోనివాళ్లు నలుగురూ కలిసి కాలువలోకి దిగి, బావను కుర్చీతో సహా పెళ్లికొడుకులా ఎత్తుకెళ్లారు, ఓటేయించారు, నీటిచుక్క తగలకుండా మళ్లీ తెచ్చి గుమ్మంలో దించారు.

"బాబూ, రేపు కూడా ఇదే వేళకి రండి. ఆస్పత్రికెళ్లాలి" అన్నాడు బావ.

నలుగురూ పగలబడి నవ్వారు. "పెద్దాయన భలే జోకులేస్తాడే!" అనుకుంటూ వెళ్లిపోయారు.

బావ జోకేమీ వేయలేదు. మర్నాడు ఎడంచేత్తో తల దువ్వుకుని, ఆస్పత్రి కాగితాలు ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. పదిన్నర దాటినా లోపలికి రాలేదు.

"వస్తారంటావా?" అని నన్నడిగాడు.

వంటింట్లోంచి అక్క ఆ హద్దు గీసినవాణ్ణి మళ్లీ శాపనార్థాలు పెడుతోంది. నిజం చెప్పేసే ధైర్యం నాకు ఆ రోజు కూడా రాలేదు. బావ కుడిచెయ్యి నా ఒళ్లోకి తీసుకుని వేళ్లు చాపడానికి చూశాను. అవి బిగుసుకుపోయాయి, ఒక్కటీ విడిరావడం లేదు.